మామూలుది

కంప్యూటర్ల పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఎక్కడ కనిపించినా నన్ను ఒకే ప్రశ్న అడుగుతారు. "రెండింట్లో ఏది మంచిదండి?" రెండు అంటే రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు. ఒకటి ఒక కంపెనీ అమ్మేది, దాదాపు ప్రతి బల్ల మీదా ఉండేది. రెండోది దేశదేశాల వాళ్ళు కలిసి రాసి, కావలసినవాళ్ళకి ఊరికే ఇచ్చేది. నా ఉద్యోగమంతా ఈ రెండింటి మధ్య గడిచింది.

ఈ గోదావరి జిల్లాల్లో వాటిని అసలు పేర్లతో అడిగినవాళ్ళు బాగా తక్కువ. మొదటిదాన్ని 'మామూలుది' అనేవారు. రెండోదాన్ని 'ప్రసాద్ గారిది' అనేవారు. చుట్టుపక్కల దాన్ని వేసేవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఆ పేరు వచ్చింది. కొత్త మిషన్ పట్టుకుని వెళ్తే గుమ్మంలోనే చెప్పేసేవారు. "మామూలుదే వెయ్యండి ప్రసాద్ గారూ. మీది వద్దండి బాబూ." ఇక్కడ కూడా ఆ పేర్లే వాడతాను. చదివేవాళ్ళకి ఏది ఏదో తెలుసు.

నా జీతం ఎంత, ఏ కుర్చీలోంచి ఏ కుర్చీలోకి మారాను అన్నవి మీకు పనికిరావు. ఏది మంచిదన్న ప్రశ్నకి పోయిన ఏడాది వరకు నా దగ్గర జవాబు ఉండేది. పోయిన వానాకాలంలో నా భార్య రత్నం చనిపోయింది. ఆవిడ పూర్తి చెయ్యకుండా వదిలిన పాటల పుస్తకం ఒకటి కంప్యూటర్లో ఉండిపోయింది. దాన్ని బయటికి తీసి, దానికోసం ఎదురుచూస్తున్న ఒక పెద్దావిడ చేతిలో పెట్టాలి. ఆ పనిలో నా జవాబు చెదిరింది. ఇంకా కుదురుకోలేదు. కుదురుకోకుండానే రాస్తున్నాను.

పుస్తకం సంగతి అర్థం కావాలంటే ముందు రెండు పాత సంగతులు చెప్పాలి.

కొట్టులో నేర్చుకున్నది

రాజమండ్రి మెయిన్ రోడ్డులో శేషగిరిరావు గారిది బట్టల కొట్టు. కంప్యూటర్లు వస్తున్నాయని విని ఆయన కొట్టు మధ్యలో అద్దాల తలుపు పెట్టించి, ఒక సగంలో కంప్యూటర్లు అమ్మడం మొదలుపెట్టారు. నేను డిప్లొమా చదివి అక్కడ మిషన్లు బిగించే పనిలో చేరాను. ఆయన నా మొదటి యజమాని. కీబోర్డుని కూడా పంచె అంచు చూసినట్టు వేళ్ళతో తడిమి చూసేవారు.

మామూలుదానికి అప్పట్లో మా వైపు ఎవరూ డబ్బు కట్టేవారు కాదు. ఒక సీడీ కొట్టు కొట్టూ తిరిగేది. బీరువా కొంటే తాళంచెవి వచ్చినట్టు, మిషన్ కొంటే అది లోపల ఉండి తీరాలి. దొంగ కాపీ వెయ్యడం నాకు నచ్చేది కాదు. అంతకన్నా, అది మాటిమాటికీ ఆగిపోతుంటే చూడలేకపోయేవాణ్ణి. ఒక మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు ఆయనకి రెండోదాన్ని చూపించాను.

"ఇది ఊరికే ఇస్తారండి. దొంగతనం కాదు. వైరస్ గొడవ తక్కువ. నెలల తరబడి నడుస్తూనే ఉంటుంది," అన్నాను.

"నువ్వు ఊరికే ఇస్తానంటున్నావు. నేనూ ఊరికేగా ఇస్తున్నాను?"

"మీరిచ్చేది కాపీ అండి."

"కొనేవాడికి తేడా ఏంటయ్యా?"

"ఇది మంచిదండి."

"మంచిదో చెడ్డదో వాడికి ఎప్పుడు తెలుస్తుంది? చెడిపోయినప్పుడు. చెడిపోతే ఎవర్ని పిలుస్తాడు? నిన్ను. నువ్వు ఆ పూట భీమవరంలో ఉన్నావు. అప్పుడు? పక్కింటివాణ్ణి పిలుస్తాడు. పక్కింటివాడి దగ్గర ఏముంది?"

"మామూలుదేనండి," అన్నాను.

"అదీ సంగతి. చీరయితే పక్కింటావిడ కట్టనిది కావాలి. ఇదయితే పక్కింటివాడి దగ్గరున్నదే కావాలి. ముందు అది నేర్చుకో ప్రసాదూ. సిస్టమ్‌లు తర్వాత నేర్చుకుందువు గాని."

నేను నేర్చుకోలేదు. మండపేట వైపు ఒక రైసు మిల్లు యజమానిని ఒప్పించి ఆయన ఆఫీసులో 'ప్రసాద్ గారిది' వేశాను. అది ఒక్క రోజు కూడా ఆగలేదు. కొన్ని వారాల తర్వాత ఆయనే కబురు పంపించి, మామూలుది వెయ్యమన్నారు. ఏం ఇబ్బంది వచ్చిందని అడిగాను. ఇబ్బంది ఏమీ లేదన్నారు. "బాగానే నడుస్తోందండి. కానీ పక్క మిల్లు గుమాస్తా వస్తే దాన్ని చూసి దండం పెట్టి వెళ్ళిపోతున్నాడు. మా గుమాస్తాకి ఏదైనా తెలియకపోతే ఆయన్నేగా అడగాలి? రేపు మావాడు మానేస్తే ఇది నడిపేవాణ్ణి ఎక్కడ తెమ్మంటారు?"

మంచిదన్న మాటకి నా లెక్క ఒకటి, ఆయన లెక్క ఇంకొకటి. ఆయన లెక్కలో పక్క మిల్లు గుమాస్తా కూడా ఆ సిస్టమ్‌లో ఒక భాగమే. చాలా ఏళ్ళు నేను దీన్ని అజ్ఞానం అనుకున్నాను. ఇప్పుడు అలా అనను. కానీ అదే పూర్తి నిజమని కూడా అనలేను. ఎందుకంటే ఆ దొంగ సీడీలే ఆ పక్కింటివాణ్ణి తయారు చేశాయి. ఊరికే ఇచ్చే మంచి సరుకు ధర ఉన్న సరుకుతో పోటీ పడగలదు. ఊరికే దొరికే దొంగ సరుకుతో పడలేదు. మా జిల్లాల్లో మామూలుది మార్కెట్ గెలిచింది అలాగ. ఇందులో నాణ్యతకి ఓటు వేసే అవకాశం ఎవరికీ రాలేదు.

మామూలుది చేసిన అసలు నష్టం ఆగిపోవడం కాదు. ఆగిపోవడం మామూలేనని మనుషులకి అలవాటు చేసింది. ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ మొదట అనే మాట ఒకటే. "నేనే ఏదో నొక్కేసి ఉంటానండి." బడి పంతుళ్ళు, డాక్టర్లు, వడ్డీ లెక్కల్లో పైసా పోనివ్వని షావుకార్లు కూడా అదే మాట. వాళ్ళెవరూ ఏమీ నొక్కలేదు. ఫ్యాన్ ఆగిపోతే నేనేం చేశానోనని ఎవరూ అనుకోరు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి నేను గట్టిగా చెప్పగలిగింది ఇదొక్కటే. ఆ మాట విన్నప్పుడల్లా "మీ తప్పు కాదండి" అని పైకి చెప్పండి. అది మరమ్మతులో సగం.

ఎవరూ తిట్టని మిషన్

తర్వాత నేను సొంతంగా సర్వీసు మొదలుపెట్టాను. భీమవరం దగ్గర రొయ్యలు శుభ్రం చేసి, గడ్డకట్టించి, ఎగుమతి చేసే ఒక ప్లాంటు సర్వీసు నేనే చూసేవాణ్ణి. ఆఫీసులో మామూలువి వరుసగా ఉండేవి. శీతల గదుల్లో చలి ఎంత ఉందో రాత్రీ పగలూ రాసుకునే మిషన్ ఒకటి విడిగా కావాలన్నారు. సరుకు కొనే విదేశీయులు ఆ లెక్క చూస్తారు. దానికి నా మాటే చెల్లింది. మెట్ల కింద ఒక పాత డబ్బాలో 'ప్రసాద్ గారిది' వేసి పెట్టాను.

ఆఫీసు మిషన్ల కోసం వారానికి రెండుసార్లు వెళ్ళేవాణ్ణి. ఒకళ్ళ పెన్ డ్రైవు నుంచి వైరస్ వచ్చేది, ఇంకొకళ్ళది తెరుచుకునేది కాదు. నేను వెళ్ళగానే కొబ్బరి బొండం కొట్టించేవారు. వాళ్ళ పిల్లల చదువులు నాకు తెలిసేవి, నా తలనొప్పులు వాళ్ళకి తెలిసేవి. మెట్ల కింద మిషన్ దగ్గరికి మాత్రం వెళ్ళాల్సిన పని పడలేదు. ఏళ్ళు గడిచాయి. మేనేజర్లు మారారు.

ఒకసారి గోడలకి సున్నం వేస్తున్నారు. కొత్త మేనేజరు ఆ ప్లగ్గు పీకించి అక్కడ వాటర్ కూలర్ పెట్టించాడు. వారం తర్వాత కొనేవాళ్ళు లెక్క అడిగితే ఆ వారం ఖాళీగా ఉంది. ఒక కంటెయినర్ సరుకు ఆగిపోయింది. నన్ను పిలిచారు. నేను కోపంగానే వెళ్ళాను. మేనేజరు నాకన్నా కోపంగా ఉన్నాడు.

"అది పని చేస్తోందని ఒక్కళ్ళయినా చెప్పాలి కదండి ప్రసాద్ గారూ!"

"లైటు వెలుగుతోంది కదండి."

"లైటు సరేనండి. దాని దగ్గరికి ఎవరూ వెళ్ళరు. దాన్ని ఎవరూ ముట్టుకోరు. నేను వచ్చి ఏడాది దాటింది, దాన్ని ఒక్కళ్ళు తిట్టగా వినలేదు. ఇంక బతికుందని ఎలా అనుకోమంటారండి?"

ఆ గదిలో అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. దాని చోట మామూలుది పెట్టమన్నారు, పెట్టాను. నెల తిరక్కుండా అది ఆగిపోయింది. అందరూ పరుగెత్తారు, నాకు ఫోన్ చేశారు, బొండం కొట్టించారు. అప్పటి నుంచి మెట్ల కింద ఏముందో ఆ ప్లాంటులో తెలియనివాళ్ళు లేరు.

ఇది మీకు నవ్వులాటగా చెప్పడం లేదు. మెట్ల కింద మిషన్ పనిలో ఒక్క దోషం లేదు. దోషం లేనందువల్లే దానికి మనుషులు లేకుండా పోయారు. చెడిపోయేదాని చుట్టూ మనుషులు చేరతారు. ఇది అన్యాయం. అన్యాయమని తెలిసినా దీనికి మందు నాకు దొరకలేదు.

ముందు గది

రత్నం పని డీటీపీ. మా ఇంటి ముందు గదిలోనే చేసేది. శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, కాలేజీ ప్రశ్నపత్రాలు, చర్చి కరపత్రాలు. చాలా ఏళ్ళు ఒకే మిషన్, ఒకే తెలుగు ప్రోగ్రామ్. ఆ ప్రోగ్రామ్ మామూలుదాని మీదే, అదీ దాని పాత రకం మీదే నడుస్తుంది. మిషన్ వెనకాల బొటనవేలంత లాకు ఒకటి తగిలించాలి. లాకు లేకపోతే ప్రోగ్రామ్ తెరుచుకోదు. దాన్ని తయారు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.

నేను ఊళ్ళో అందరికీ చెప్పేది ఇంట్లో ఎందుకు చెప్పను? మా ఇద్దరికీ ఈ విషయంలో ఎన్నేళ్ళు తగువు సాగిందో.

"ఆ కంపెనీ లేదు, ఆ లాకు రేపు పోతే నీ పని మొత్తం పోతుంది. నా దాంట్లోకి రా రత్నం," అనేవాణ్ణి.

"వస్తానండి. నా తెలుగు ఏదీ?"

ఒకసారి చూపించాను. అప్పటికి మా సిస్టమ్‌లో తెలుగు వచ్చింది గాని వత్తులు విడిపోయి పక్కన నిలబడేవి. ఆవిడ తెర మీద విడిపోయిన ఒక వత్తు మీద వేలు పెట్టింది.

"మీది గొప్పదేనండి, నేను కాదనను. మీ గొప్పదాన్ని రాసినవాళ్ళల్లో ఒక్కళ్ళ ఇంట్లోనూ తెలుగు శుభలేఖ అచ్చేయించి ఉండరు, అంతే."

అది నిజం. నాణ్యత కోసం పోట్లాడిన మా పక్షానికి గర్వం ఎక్కువ. సిస్టమ్ గుండె ఎంత గట్టిదో చెప్పుకున్నాం. ద్రాక్షారామంలోనో పిఠాపురంలోనో ఒక ఆడమనిషి పొద్దున్నే కూర్చుని తెలుగు కొట్టుకోవాలంటే ఎలాగన్నది మాకు చిన్న విషయంగా కనిపించింది. తర్వాత తెలుగు బాగుపడింది. ఆవిడ చేతులు అప్పటికే పాతదానికి కుదురుకున్నాయి. నేను మళ్ళీ అడగలేదు.

సుశీలమ్మ గారి పాటలు

సుశీలమ్మ గారు గోదావరి మధ్యన ఉన్న ఒక లంక ఊళ్ళో మా లూథరన్ చర్చి బడిలో పనిచేసి రిటైరయిన టీచరు. ఆ లంక చర్చిలో ఆడవాళ్ళు పాడుకునే పాటలు కొన్ని ఉన్నాయి. అచ్చయిన కీర్తనల పుస్తకంలో అవి లేవు. ఊడ్పులకి వెళ్ళేవాళ్ళు, కోతలకి వెళ్ళేవాళ్ళు కట్టుకున్నవి. ఒకావిడ ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు అందుకుంటారు. అందుకోవడం పాట చివర కాదు. ఒక్కోసారి మాట మధ్యలో, ఒక్కోసారి రెండు వైపుల నుంచీ రెండు గుంపులుగా. అది తెలిసినవాళ్ళు ఒక్కొక్కళ్ళే పోయారు. సుశీలమ్మ గారు మిగిలారు. ఈ క్రిస్మస్‌కి ఆ పాటలు పుస్తకంగా రావాలని ఆవిడ కోరిక.

ఆవిడ కాగితం మీద ఏమీ రాసుకోలేదు. మా ముందు గదిలో కుర్చీ వేసుకుని పాడేవారు. రత్నం విని నేరుగా కొట్టేది. పాడించి, ఆపి, మళ్ళీ పాడించి, ఎక్కడ ఎవరు అందుకుంటారో ఆ మాటని సరిగ్గా అక్కడే కొంచెం కిందికి దించి విడిగా పెట్టేది. ఒక గుంపుకి కుడి వైపు, ఇంకో గుంపుకి ఎడమ వైపు. లోపలి గదిలో నేను నా పని చేసుకుంటూ ఆ గొంతు వినేవాణ్ణి. ఏం చేస్తున్నారో చూడలేదు.

చివరి కొన్ని పాటలు మిగిలుండగా రత్నం జబ్బు పడింది. ఆవిడ పోయిన నెలకి, గాలివానలో కరెంటు పోయి వస్తూ ఆ పాత మిషన్ కాలిపోయింది. దాంతోపాటు లాకు. డిస్కు మాత్రం బతికింది. విప్పి నా మిషన్‌కి తగిలించాను. పుస్తకం ఫైలు ఉంది. తెరిస్తే తెలుగు లేదు, ఇంగ్లీషు అక్షరాల గజిబిజి ఉంది. ఆ ఫాంటు అలాంటిది. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, వత్తు ఒక ముక్క, ఒక్కో ముక్క వెనకాల ఒక్కో ఇంగ్లీషు అక్షరం.

నాకు అప్పుడు ఒక రకమైన ధీమా కలిగింది. ఇది నాకు తెలిసిన పని. ఆ ముక్కల్ని ఇవాళ్టి తెలుగులోకి మార్చే ప్రోగ్రామ్ 'ప్రసాద్ గారి' సిస్టమ్ మీద రాశాను. వారాలు పట్టింది. పొద్దున్న లేచి కూర్చుంటే సాయంత్రం అయ్యేది. తినడానికి వంటింట్లోకి వెళ్ళేవాణ్ణి, ఎందుకు వెళ్ళానో మర్చిపోయి తిరిగొచ్చేవాణ్ణి. చివరికి ప్రతి అక్షరం సరిగ్గా వచ్చింది. అచ్చు తీసుకుని లంకకి వెళ్ళాను.

సుశీలమ్మ గారికి చూపు బాగా తగ్గింది. "నువ్వు చదువు బాబూ, నేను వింటాను," అన్నారు. చదవడం మొదలుపెట్టాను. రెండో చరణంలో చెయ్యెత్తి ఆపారు.

"ఇక్కడ ఎవరో అందుకోవాలి."

"ఇక్కడ ఏమీ లేదండి. మాటలు వరుసగా ఇలాగే ఉన్నాయి."

"వరుసగా ఉండవు నాయనా. ఇవతల గుంపు అందుకోవాలి. ఏ మాట అందుకుంటారో... ఆగు." కళ్ళు మూసుకుని పెదవులు కదిపారు. "రావట్లేదు. పోయినేడు రత్నానికి చెప్పాను గదా. అది పెట్టింది. చూడు, ఉంటుంది."

నేను కాగితం చివర చూశాను. రత్నం దించి పెట్టిన మాటలన్నీ పేజీ అడుగున ఒక కుప్పగా పడి ఉన్నాయి. నా ప్రోగ్రామ్ అక్షరాలు చదివింది, చోటు చదవలేదు. ఏ మాట ఏ లైనులో ఎక్కడ ఉండాలో ఆ పాత ప్రోగ్రామ్ తనకి మాత్రమే తెలిసే పద్ధతిలో దాచుకుంది. దాన్ని విప్పగలనేమోనని ఇంకో నెల ప్రయత్నించాను. ఈలోగా రెండుసార్లు లంకకి వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ సుశీలమ్మ గారు ఆపే చోట్లు తగ్గుతున్నాయి. నా పని బాగుపడి కాదు. ఆవిడకి ఆపాలని గుర్తు రావడం తగ్గుతోంది. అది గమనించిన రోజు బస్సులో కూర్చోలేకపోయాను, రావులపాలెం దాకా నిలబడే వచ్చాను.

పాత యజమాని

శేషగిరిరావు గారు ఇంకా కొట్టుకి వస్తున్నారు. అద్దాల తలుపు ఇవతల ఇప్పుడు మనవడు ఫోన్లు అమ్ముతున్నాడు. ఆయన గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుంటారు. పాత లాకు ఎక్కడైనా మూల పడి ఉందేమోనని వెళ్ళాను. విషయం చెప్పాను. మొత్తం విన్నారు.

"ఎన్నాళ్ళ నుంచీ తంటాలు పడుతున్నావు?"

"మూడు నెలలు దాటిందండి."

"ఒక్కడివీనా?"

"ఒక్కణ్ణేనండి."

"నీ బుద్ధి మారలేదయ్యా. మామూలుది వాడిన మనిషి వస్తువు పోతే, మామూలుది వాడే ఇంకో మనిషి దగ్గరికి వెళ్ళాలి గాని, తలుపేసుకుని కూర్చుంటారా? రత్నానికి ఆ లాకు అమ్మిన రోజే ద్రాక్షారామం అమ్మాయికి కూడా ఒకటి అమ్మాను. లక్ష్మి. ఇద్దరూ ఇక్కడే, ఈ బల్ల దగ్గరే నేర్చుకున్నారు. ఆ పిల్ల ఇంకా దాని మీదే కొడుతోంది, పోయిన నెల పంచెలకి వచ్చి చెప్పింది."

"మీకు ఇవన్నీ ఎలా గుర్తుంటాయండి?"

"అమ్మింది మర్చిపోతాను. కొన్నవాళ్ళని మర్చిపోతే కొట్టెలా నడుస్తుంది?" అని మనవడి వైపు చూశారు. మనవడు ఫోన్లోంచి తలెత్తలేదు.

ద్రాక్షారామం

లక్ష్మి గారి గది భీమేశ్వరస్వామి గుడికి వెళ్ళే దారిలో, పూల కొట్టు పక్కన. లోపల రత్నం మిషన్‌కి తోబుట్టువు లాంటి మిషన్. తెర మీద ఎవరిదో శుభలేఖ సగంలో ఉంది. నేను పేరు చెప్పగానే ఆవిడ లేచి నిలబడింది.

"బావగారా! రత్నమ్మక్క ఆయన! మీరేనా 'ప్రసాద్ గారిది'?" అని నవ్వేసింది. "అక్క చెప్పేదండి. మా ఇంట్లో రెండు సిస్టమ్‌లున్నాయే లక్ష్మీ, ఒకటి పని చేస్తుంది, ఇంకోటి గొప్పది, అని. కూర్చోండి. అక్క ఏంటండి, ఫోన్ తియ్యట్లేదు? నంబరు మార్చేసిందా? నా మీద కోపమా?"

రత్నం ఫోన్ ఆపేసి బీరువాలో పెట్టాను. ఎవరెవరికి కబురు చెప్పాలో నాకు తెలిసినంత వరకు చెప్పాను. ఈవిడ నాకు తెలిసినవాళ్ళలో లేదు. పోయిన ఆగస్టులో పోయిందని చెప్పాను. ఇంకో రకంగా చెప్పడం నాకు చేతకాలేదు.

ఆవిడ కూర్చుంది. మిషన్ మీద చెయ్యి వేసి మాట్లాడింది.

"ఇది ఆగిపోయినప్పుడల్లా అక్కకి ఫోన్ చేసేదాన్నండి. అక్కది ఆగిపోతే నాకు చేసేది. వారానికి రెండు మూడుసార్లయినా ఆగేది కదా. అది బాగయ్యేలోపు కబుర్లు. పిల్లల పెళ్ళిళ్ళు, మా అత్తగారి గోల, అన్నీ అలాగేనండి. ఇది సరిగ్గా పనిచేసి ఉంటే మేమిద్దరం మాట్లాడుకునేవాళ్ళమే కాదు."

లోపలి గదిలో కూర్చుని ఆ ఫోన్లు నేను విన్నాను. మళ్ళీ ఆగిపోయిందా అనుకునేవాణ్ణి. చూశావా, నేను చెబుతూనే ఉన్నాను, అని మనసులో అనుకునేవాణ్ణి. అంతకు మించి వినలేదు.

పుస్తకం సంగతి, నా ప్రోగ్రామ్ సంగతి చెప్పి పెన్ డ్రైవు ఇచ్చాను. ఆవిడ శుభలేఖ మూసి, పుస్తకం ఫైలు తెరిచింది. ఒకసారి ఆగిపోయింది. ఆవిడ మిషన్ పక్కన చేత్తో రెండుసార్లు తట్టి, ఆపి, మళ్ళీ మొదలుపెట్టింది. రెండోసారి పేజీ వచ్చింది. రత్నం పేజీ. ఎత్తుకునే మాట పైన, అందుకునే మాట కిందికి దిగి కుడి వైపు, ఇంకొకటి ఎడమ వైపు. ఎక్కడివక్కడ ఉన్నాయి. నేను మూడు నెలల్లో చెయ్యలేనిది అక్కడ ఏమీ జరగనట్టు జరిగింది.

నేను చెప్పినట్టు రత్నం నా సిస్టమ్‌లోకి వచ్చి ఉంటే, ఈ ఫైలు ఎప్పటికీ ఎవరైనా తెరవగలిగేదే. లాకు గొడవే ఉండేది కాదు. అది నిజం. కానీ ఆవిడ మామూలుది వాడింది కాబట్టి, ద్రాక్షారామంలో ఒక మనిషి ఉంది. అదీ నిజం. ఈ రెండు నిజాల్లో ఒకటి రెండోదాన్ని కొట్టేస్తుందేమోనని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను. కొట్టెయ్యడం లేదు.

"పేజీలన్నీ అచ్చు తీసిస్తాను, ప్రెస్సుకి కూడా నేనే పంపిస్తాను బావగారూ," అంది లక్ష్మి గారు. "కానీ నా మిషన్ కూడా చూశారుగా, ఎన్నాళ్ళుంటుందో. మీరు మీ ప్రోగ్రామ్ మానకండి. చోట్లు ఎలా చదవాలో కూర్చుని చూద్దాం. అక్క ఏ మాట ఎలా దించేదో నాకు తెలుసు, నేనూ అలాగే దించుతాను." చివరి పేజీలు తిప్పి ఆగింది. "ఇదుగో, ఈ చివర్లో పాటలకి అందుకునే మాటలు పెట్టలేదు. ఖాళీ వదిలింది."

మిగిలిన పాటలు

ఆ అచ్చు తీసుకుని లంకకి వెళ్ళాను. ప్రెస్సుకి వెళ్ళడానికి ముందు ఆ చివరి పాటలు తేల్చాలి. సుశీలమ్మ గారు వరండాలో పడక కుర్చీలో ఉన్నారు. నా గొంతు వినగానే, "మళ్ళీ వచ్చావా, ఈసారైనా సరిగ్గా తెచ్చావా?" అన్నారు.

మొదటి పాట చదివాను. దించి ఉన్న మాటల దగ్గర గొంతు తగ్గించి చదివాను, ఎవరో అందుకున్నట్టు. ఆవిడ ఆపలేదు. రెండోది చదివాను. మూడో పాటకి వచ్చేసరికి, నేను గొంతు తగ్గించేలోపే ఆవిడ అందుకుంటున్నారు. చేత్తో కుర్చీ మీద తాళం వేస్తున్నారు. సన్నని గొంతు, ఊపిరి చాలడం లేదు. కానీ చోటు తప్పలేదు.

అలా వరసగా చివరి పాటల దాకా వచ్చాం. అక్కడ రత్నం ఖాళీ వదిలింది. నేను ఎత్తుకునే లైను చదివాను. తర్వాత ఏం చదవాలో కాగితం మీద లేదు. చదవడం ఆపి, పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు ఆవిడ అందుకున్నారు.